రెండో గేరులో రెండు ఊపిర్లు

కిందటి వారం మనం ప్రిస్కిల్లాను మదీనాగూడలో పోస్టు డబ్బా ముందు నిలబెట్టి వచ్చేశాం. చేతిలో పోస్టుకార్డు ఉంది. దాన్ని డబ్బాలో వేసిందో లేదో చెప్పకుండా ఆపేశానని కొందరికి నా మీద కోపం వచ్చిందట. వేసింది. వేసిన మరుక్షణం మనసు మారి, డబ్బా సందులో వేళ్లు పెట్టి వెతికింది కూడా. కార్డు అప్పటికే లోపలికి జారిపోయింది.

ఆ కార్డు సంగతి కొత్తగా చదివేవాళ్లకు చెప్పాలి. మదీనాగూడలో బొంబాయి హైవే పక్కన మెకానిక్ దేవరాజు షెడ్డు ఉంది. పగలంతా అందులో లారీలు, సాయంత్రం ఆరు దాటితే రాక్ బ్యాండు. బ్యాండు పేరు 'గ్రీజు'. దేవరాజు కూతురు ప్రిస్కిల్లా పాటలు రాసి పాడుతుంది. అనంతపురం నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ ఇంజనీరు యశ్వంత్ గిటారు వాయిస్తాడు. ఆమె పెద్దమ్మ కొడుకు రాబిన్ డ్రమ్ములు బాదుతాడు. వాళ్ల మొదటి కేసెట్టు 'న్యూట్రల్' ఆ షెడ్డులోనే, ఒకే ఒక్క మైకు ముందు తయారైంది. ఒక వారపత్రికలో 'చెవికెక్కినవి' శీర్షిక రాసే రామబ్రహ్మం దాన్ని ఆకాశానికెత్తాడు. అది చూసి ఒక కేసెట్ల కంపెనీ వీళ్లను పిలిచి, అమీర్‌పేటలో ఏసీ స్టూడియోలో రెండో కేసెట్టు చేయించింది. దాని పేరు 'రెండో గేరు'. అది విడుదలయ్యాక అదే రామబ్రహ్మం, అదే శీర్షికలో ఇలా రాశాడు:

"ఏడాది కిందట 'న్యూట్రల్' అనే కేసెట్టు నా బల్ల మీదికి వచ్చింది. లారీ షెడ్డులో రికార్డు చేశారట. మూడో పాటలో ఎవరో స్పానరు కింద పడేసిన చప్పుడు కూడా ఉంది. ఆ అమ్మాయి పాడుతుంటే నా కాఫీ చల్లారిపోయింది, నాకు తెలియలేదు. ఇప్పుడు 'రెండో గేరు' వచ్చింది. రెండు వైపులా విన్నాను. కాఫీ వేడివేడిగా తాగాను. ఈ గొంతుకు ఎవరో తలంటి, పౌడరు రాసి, పెళ్లిచూపులకు కూర్చోబెట్టారు. అడిగినదానికి తల వంచుకుని జవాబు చెబుతోంది. మొదటి కేసెట్టులో పాడిన పిల్ల ఎటు పోయిందో తెలిసినవారు దయచేసి ఈ చిరునామాకు రాయగలరు."

ప్రిస్కిల్లా రాసింది. కార్డులో నాలుగే ముక్కలు. 'మీరు రాసింది నిజం సార్. ఆ పిల్ల ఎటూ పోలేదు, గొంతే పోయింది. ఇక పాడను. మీ కాఫీ వేడిగా ఉన్నందుకు నన్ను క్షమించండి.' ఆ తర్వాత పదిహేను రోజులు ఆమె చర్చిలో కూడా నోరు విప్పలేదు. ఆదివారం అందరూ లేచి పాడుతుంటే పుస్తకంలోకి చూస్తూ నిలబడింది. పక్కనున్న దీనమ్మ ఆంటీ మోచేత్తో పొడిచినా పలకలేదు.

కథలో ఇవాళ గురువారం.

మాదాపూర్‌లో కొత్తగా కట్టిన గుండ్రటి అద్దాల మేడకు కూతవేటు దూరంలో, ఒక మూడంతస్తుల బిల్డింగు పైభాగంలో ప్రిస్కిల్లా ఉద్యోగం చేస్తుంది. అమెరికా డాక్టర్లు రోగుల గురించి చెప్పిన మాటలు టేపుల్లో వస్తాయి. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, కాలితో పెడల్ తొక్కుతూ, వెనక్కీ ముందుకీ తిప్పుకుంటూ ఆ మాటలు టైపు చెయ్యాలి. మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ అని గొప్ప పేరు. ఆ కొలువులో ఒకటే చట్టం: వినబడని చోట గీత గీసి ఖాళీ వదలాలి. ఇదే అయ్యుంటుందని ఊహించి రాస్తే ఆ సాయంత్రమే ఇంటికి పంపించేస్తారు. రెండేళ్లలో ప్రిస్కిల్లా గీతలు అందరికన్నా తక్కువ. దగ్గు వెనకాల దాక్కున్న మాటను కూడా బయటికి లాగుతుందని పేరు.

సూపర్‌వైజర్ హరిత పొద్దున్నే ఆమె బల్ల మీద ఒక పాత మిషను పెట్టింది. "ప్రిస్కిల్లా, కొత్త బ్యాచ్ పిల్లలకు ట్రైనింగుకని తెప్పించాం. మామూలు కేసెట్టు పడుతుంది దీంట్లో. పెడల్, స్పీడు సరిగ్గా ఉన్నాయేమో ఒకసారి చూసిపెట్టవా?"

చూడటానికి కేసెట్టు కావాలి. ప్రిస్కిల్లా హ్యాండ్‌బ్యాగులో ఉన్న ఒకే ఒక్క కేసెట్టు 'రెండో గేరు'. యశ్వంత్‌కు తిరిగిచ్చేసి రావాలని మూడు రోజులుగా మోస్తోంది. తీసి మిషనులో పెట్టింది. వినాలని కాదు, పెడల్ చూద్దామని.

రెండో వైపు మొదటి పాట. నీళ్ల ట్యాంకరు ముందు వరస కట్టిన బిందెల మీద రాసింది. 'బిందె బిందెకూ పేరుంది, మోసే నాకేది' అని మొదలవుతుంది. షెడ్డులో ఈ పాట పాడిన రోజు రాబిన్ డ్రమ్ము కర్రలు కింద పెట్టేసి ఊరికే కూర్చున్నాడు. ఇప్పుడు హెడ్‌ఫోన్లలో వింటుంటే ఆమెకు ఒళ్లు కంపరమెత్తింది. రామబ్రహ్మం నయం, మర్యాదగా రాశాడనుకుంది. ఈ గొంతు లావుగా, నున్నగా, ఎవరికీ అడ్డం రాకుండా ఉంది.

స్పీడు తగ్గించే మీట సగానికి తిప్పింది. పాట నత్తనడక నడిచింది. పల్లవికి ముందు ఊపిరి పీల్చిన చప్పుడు వినబడింది. ఆ వెనకే ఇంకోటి.

కాలు పెడల్ మీద ఆగింది. వెనక్కి తిప్పి మళ్లీ విన్నది. మొదటి ఊపిరి తనదే. చర్చి కొయిర్‌లో పన్నెండేళ్లు పాడిన మనిషి పీల్చే ఊపిరి అది, కడుపులోంచి వస్తుంది, నోటితో పీల్చేది. రెండోది ముక్కుతో పీల్చింది. పొట్టిది, పొదుపుగా ఉంది. చరణం దగ్గర తను 'మోసే' అన్న మాటకు ముందు ఆగుతుంది. ఆ ఇంకో మనిషి ఆగలేదు. తను ఆగిన ఆ అర సెకనులో రెండో గొంతు ఒక్కటే బయటపడి, మళ్లీ తన గొంతు కిందికి దూరిపోయింది. కాదు, తన గొంతే దాని కిందికి దూరిపోయింది.

తొమ్మిది పాటలూ ఆ మిషను మీద ఊపిర్ల కోసమే విన్నది ప్రిస్కిల్లా. అన్నింటిలోనూ ఇద్దరున్నారు. హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టింది. ముందు సంతోషం వచ్చింది, అబద్ధమెందుకు. గొంతు పోలేదు. పదిహేను రోజుల నుంచి తనను తాను తిట్టుకున్న తిట్లన్నీ ఎవరో పేరు తెలియని పిల్లకు చెందాల్సినవి. ఆ సంతోషం పట్టుమని రెండు నిమిషాలు కూడా నిలవలేదు. దాని వెనకే కోపం వచ్చింది, అది మాత్రం కదలకుండా కూర్చుంది.

"మిషను మంచిగున్నది మేడం," అని హరితకు చెప్పింది. "నాకు హాఫ్ డే కావాలె."

యశ్వంత్ ఆఫీసున్న అద్దాల మేడ గేటు దగ్గర సెక్యూరిటీవాడు లోపలికి పోనివ్వలేదు. మెడలో కార్డు లేనివాళ్లంటే ఆ గేటుకు మనుషుల కింద లెక్క కాదు. అక్కడి ఫోనులోంచి యశ్వంత్‌ను పిలిపించింది. రెండువేల సంవత్సరం వచ్చేలోపల ప్రపంచంలో కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని, అలా జరగకుండా చూడటానికి తామే ఉన్నామని ఆ మేడలో అందరిదీ ఒకటే హడావుడి. అయినా పది నిమిషాల్లో వచ్చాడు. ఎదురుగా బండరాళ్ల మధ్య రేకుల కింద టీ కొట్టు ఉంది. అక్కడికి తీసుకుపోయాడు.

"ఏమైంది ప్రిస్కిల్లా, ఈ టైంలో వచ్చినావ్? మళ్లీ పాడతావా? నీ పాటల నోటుబుక్కు నా దగ్గర్నే భద్రంగా ఉంది."

"రెండో గేరుల నాతోటి పాడింది ఎవరు?"

యశ్వంత్ టీ గ్లాసు నోటి దాకా తీసుకుపోయి ఆపాడు. "ఎవరుంటారు? నువ్వే. అది ఎకో ఎఫెక్టు అని ఆరోజే చెప్పినా కదా. స్టూడియోలో అట్లే చేస్తారు."

"ఎకో ముక్కుతోటి ఊపిరి పీలుస్తదా యశ్వంత్?"

అతను గ్లాసు బల్ల మీద పెట్టాడు. అబద్ధం ఆడటం అతనికి చేతకాదు, ఆ మాట ఒప్పుకోవాలి. చేతకాని పని ఆరు వారాలు చేశాడు కాబట్టి మొహంలో అలసట కూడా ఉంది.

"కోరస్ పాడేదానికి ఒక అమ్మాయి వచ్చుండె పక్క రూములో. కంపెనీ ఆయన పిలిపించినాడు. నీ ట్రాకు మీదనే పాడించి కలిపినారు. గంటలో అయిపోయింది."

"గంటల? నా తొమ్మిది పాటలు గంటల నేర్చుకున్నదా?"

"నోటుబుక్కు చూసి పాడింది. రాబిన్ తెచ్చిచ్చినాడు."

రాబిన్ పేరు వినగానే ప్రిస్కిల్లా మొహం తిప్పుకుంది. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే కంచంలో తిన్నవాళ్లు. రాబిన్‌కు కూడా తెలుసు. అందరికీ తెలుసు. తెలియనిది తిట్లు తిన్న మనిషికి ఒక్కదానికే.

"ఆ పేపర్ల నన్ను తిట్టిండు గద ఆయన. మా కొత్త కొయిర్ మాస్టర్ ఆ ముక్క కత్తిరించుకొచ్చి, అందరు చూస్తుండంగ నా చేతుల పెట్టిండు. నేను గొంతు పోయిందని ఏడ్చిన. ఇగ పాడనని నీకు నోటుబుక్కు ఇచ్చిన. అప్పుడన్న చెప్పొద్దా? ఎట్ల తీసుకున్నవ్ యశ్వంత్, చేతులెట్ల వచ్చినయ్ నీకు?"

"చెప్పాలనే అనుకున్నా. నిజ్జంగా. రెండుసార్లు మీ షెడ్డు దాకా వచ్చి వెనక్కి పోయినా. కానీ మాటిచ్చినా."

"ఎవరికి?"

దూరంగా ఈల మోగింది. కొత్త బిల్డింగుల కోసం బండలు పేల్చేముందు ఊదే ఈల. టీ కొట్టాయన అలవాటుగా పాల గిన్నె మీద మూత పెట్టాడు. అందరూ మాట ఆపి ఎదురుచూశారు. నేల అదిరింది. రేకుల మీద సన్నటి రాళ్లు రాలాయి. ఆ దుమ్ములోనే యశ్వంత్ చెప్పాడు.

"మీ నాయనకు."

ప్రిస్కిల్లాకు మొదట అర్థం కాలేదు. యశ్వంత్ తల దించుకుని గబగబా చెప్పుకుపోయాడు, ఆగితే మళ్లీ చెప్పలేనన్నట్టుగా. "మిక్సింగు రోజు నువ్వు డ్యూటీలో ఉన్నావ్. డ్రమ్ములు వాపసు తెచ్చేదానికి మీ నాయన ట్రాలీ ఆటో తీసుకొచ్చినాడు. కంపెనీ ఆయన మర్యాదకు లోపల కూర్చోబెట్టి, పాటలు పెట్టి, ఎట్లుందో చెప్పండి అన్నాడు. మీ నాయన కళ్లు మూసుకుని విన్నాడు. విని, తల అడ్డంగా ఊపినాడు. 'బిడ్డ గొంతు తేలిపోతున్నది. పైకి పోయినకాడ ఉంటలేదు, మాయమైతున్నది' అన్నాడు."

"మా నాయిన అన్నడా?"

"ఆయన చెవి సంగతి నాకంటే నీకే బాగా తెల్సు. లారీ హైవే మీద పోతాంటే లోపల ఏం చెడిపోయిందో షెడ్డులో కూర్చుని చెప్పే మనిషి. ఇరవై ఏళ్లు మీ చర్చి కొయిర్‌ను నడిపిన మనిషి. ఆయన బాగలేదంటే నేను బాగుందని ఎట్ల అంటా? నిజం చెప్తాండా ప్రిస్కిల్లా, నా చెవికి బాగనే ఉండె. రాబిన్ కూడా బాగుందన్నాడు. కానీ మీ నాయన అన్నాక మా చెవుల మీద మాకే నమ్మకం పోయింది. ఇద్దరం ఇంకోసారి విన్నాం. ఈసారి మాకూ తేలిపోతాన్నట్టే వినిపించింది."

ఇంత తెలివైనవాళ్లు, ఆ అద్దాల మేడలో ప్రపంచాన్ని కాపాడేవాళ్లు, తమ చెవిని పక్కన పెట్టి పక్కవాడి చెవితో విన్నారు. ఈ దేశంలో పెద్దమనిషి కళ్లు మూసుకుని తల ఊపాడంటే దానికి మించిన మిషను లేదు.

"బిడ్డకు చెప్పొద్దు, మనసు విరుగుతది అన్నాడు మీ నాయన. నా చేయి పట్టుకుని అడిగినాడు," అన్నాడు యశ్వంత్.

ప్రిస్కిల్లా కేసెట్టు తీసి అతని టీ గ్లాసు పక్కన పెట్టింది. మొహాన కొడదామనుకున్నది, కొట్టాలనిపించలేదు. ఈ మనిషి మీద కోపం దారిలోనే ఎక్కడో జారిపోయింది. పోవలసిన చోటు వేరే ఉంది.

సెవెన్ సీటర్ ఆటోలో పదకొండు మంది మధ్య ఇరుక్కుని, కొత్తగూడ, కొండాపూర్, హఫీజ్‌పేట మీదుగా మదీనాగూడ చేరేసరికి నాలుగైంది. దారంతా ఆమె ఒకటే మాట నమిలింది. విమర్శకుడు తిట్టాడంటే వాడికి తెలియదనుకోవచ్చు. కంపెనీవాడు మార్చాడంటే వాడిది వ్యాపారం. తనకు పాట నేర్పిందే నాయిన. ఐదేళ్ల వయసులో లారీ బానెట్టు మీద నిలబెట్టి, 'పైకి, ఇంకా పైకి, భయపడకు' అంటూ పాడించినవాడు. ఆయన తన గొంతు బాగాలేదని పరాయివాళ్ల ముందు అన్నాడు, తనకు మాత్రం చెప్పలేదు. ఇంటికొచ్చి పక్కన కూర్చుని అన్నం కూడా తిన్నాడు.

షెడ్డులో ఒకటే లారీ ఉంది, కర్ణాటక నంబరు. ముందు మూత ఎత్తి ఉంది, ఇంజను నడుస్తోంది. దేవరాజు అరచేయి ఇంజను మీద ఆనించి, కళ్లు మూసుకుని నిలబడ్డాడు. పక్కన డ్రైవరు చర్చిలో ప్రార్థన దగ్గర నిలబడినట్టు చేతులు కట్టుకుని ఉన్నాడు.

"నాలుగో సిలిండరు సరిగ్గ కొడ్తలేదు," అన్నాడు దేవరాజు కళ్లు తెరిచి. "బంజెయ్."

డ్రైవరు ఇంజను ఆపి దిగి వచ్చాడు. ప్రిస్కిల్లాను చూసి పళ్లన్నీ బయటపెట్టి నవ్వాడు. "నాలుగు షెడ్లల్ల చూపిచ్చిన చెల్లె. ఒక్కడు చెప్పలె. మీ నాయిన చెవి కోసమే బీదర్ కెళ్లి వచ్చిన." అని, నీళ్లు తాగడానికి గేటు దగ్గర కుండ వైపు నడిచాడు.

షెడ్డు నిశ్శబ్దమైంది. దేవరాజు వెనక్కి తిరగకుండా ఇంజనులోకి వంగి బోల్టు విప్పుతున్నాడు. ఆమె నాలుగడుగుల దూరంలో ఆయన వీపు వెనక నిలబడింది.

"నాయినా."

ఆయన పలకలేదు.

"యశ్వంత్ అన్ని చెప్పిండు. నా గొంతు తేలిపోతున్నదని అన్నవంట. అను, నీకు అనే హక్కున్నది. కానీ నాతోటి అనొద్దా? ఎవరో పిల్లను తెచ్చి నా పాటల మీద కూసోబెడ్తరా? నేను గొంతు పోయిందనుకొని చావకుంట చచ్చిన పదిహేను దినాలు. నువ్వు చూసుకుంట అన్నం తిన్నవ్."

స్పానరు తిరుగుతూనే ఉంది. ఒక బోల్టు విప్పి పక్కన పెట్టాడు, రెండోదాని మీద చేయి వేశాడు. ప్రిస్కిల్లాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంత అడిగినా వెనక్కి తిరగనంత కానిదైపోయానా అనుకుంది. గొంతు పెంచింది. పెంచినకొద్దీ అది సన్నబడి పైకి పోయింది.

"ఒక్క మాటన్న అను నాయినా. నేను బాగ పాడనని నా మొహం చూసి చెప్పు."

దేవరాజు గుడ్డముక్క కోసం వెనక్కి తిరిగాడు. కూతురు కనబడింది. ఆయన మొహం విప్పారింది.

"ఎప్పుడొచ్చినవ్ బిడ్డా? ఏంది, గిట్ల కళ్లు ఎర్రగున్నయ్? దుమ్ము వడ్డదా?"

ప్రిస్కిల్లా ఆయన మొహాన్ని పరీక్షగా చూసింది.

ఆయన నటించడం లేదు. దేవరాజుకు నటన రాదు, ఆ సంగతి మదీనాగూడలో ఎవరిని అడిగినా చెబుతారు. ఆయన నిజంగానే వినలేదు. సరిగ్గా అప్పుడే బల్ల మీద ఫోను మోగింది. కిందటేడు కొన్న మీటల ఫోను, పిచ్చుక కూసినట్టు సన్నగా మోగుతుంది. రెండుసార్లు, మూడుసార్లు మోగింది. దానికి మూరెడు దూరంలో నిలబడిన దేవరాజు ప్రశాంతంగా చేతులు తుడుచుకుంటున్నాడు. గేటు దగ్గర్నుంచి డ్రైవరు అరిచాడు, "మిస్త్రీ, ఫోన్ మోగుతున్నది!" ఆ బండగొంతు మాత్రం ఆయనకు అందింది. "ఆ, ఆ. ఈ కొత్త ఫోన్ సరిగ్గ మోగది బిడ్డా. ఎత్తు."

ప్రిస్కిల్లా వెంటనే ఎత్తలేదు. ఇలాంటి మనుషుల గురించి ఆమె రెండేళ్లలో ఎన్ని రిపోర్టులు టైపు చేసిందో లెక్క లేదు. ఏళ్ల తరబడి యంత్రాల పక్కన పనిచేసినవాళ్లకు సన్నటి చప్పుళ్లు ముందు పోతాయి. బరువైనవి మిగులుతాయి. మగ గొంతులు వినబడతాయి, ఆడపిల్లల గొంతులు పైకి పోయినచోట మాయమవుతాయి. ప్రతి రిపోర్టులోనూ కిందనొక వాక్యం ఉంటుంది: రోగికి తన వినికిడి తగ్గిందని తెలియదు, ఎదుటివాళ్లే గొణుగుతున్నారని ఫిర్యాదు చేస్తాడు. ఆ వాక్యాన్ని ఆమె కళ్లు మూసుకుని టైపు చేయగలదు. ఇంట్లో మాత్రం ఎన్నడూ చదవలేదు.

రెండేళ్ల కిందట ఆయన కొయిర్‌లో ఆడపిల్లల మీద కేకలేశాడు, మీకు ఊపిరి లేదా, నోరు తెరవరేంది అని. ఆ గొడవతోనే కొయిర్ వదిలేశాడు. ఈ మధ్య అందరూ నోట్లోనే మాట్లాడుతున్నారని విసుక్కుంటాడు. అన్నం తినేటప్పుడు 'ఎదురుంగ కూసో బిడ్డా, నీ మొహం చూసుకుంట తింట' అంటాడు. అది ప్రేమే అనుకుంది. ప్రేమే, అనుమానం లేదు. కానీ ఆయన చూసేది మొహాన్ని కాదు, పెదాలను.

"నాయినా," అన్నది ఆయనకు ఎదురుగా నిలబడి, ఒక్కొక్క మాటే పలుకుతూ, "స్టూడియోల నా పాట విన్నవా?"

దేవరాజు తల దించుకున్నాడు. తప్పు దొరికిపోయిన మనిషిలా మెడ రుద్దుకున్నాడు. "యశ్వంత్ చెప్పిండా? చెప్పొద్దన్న. విన్న బిడ్డా. నా చెవి నాకు అబద్ధం చెప్పది గద. కింద మంచిగనే ఉన్నది. పైకి పోయినకాడ ఏం లేదు, ఉత్త గాలి. నాకు పానం ఎట్లనో అయింది. లోకం నవ్వొద్దని ఇంకో పిల్ల గొంతు ఆసర పెట్టమన్న. నీ పేరు నిలవడాలని చేసిన. తప్పా?"

లోకం నవ్వకూడదని చేశాడు. లోకం నవ్వింది సరిగ్గా అందుకే. ఇంత మంచి మనసుతో ఇంత అన్యాయం ఎవరూ చేసి ఉండరు. ప్రిస్కిల్లాకు ఆయన్ను పట్టుకుని ఏడవాలనిపించింది, చెవికి బదులు ఇంజను మీద ఆనించే ఆ అరచేతిని విసిరికొట్టాలని కూడా అనిపించింది. రెండూ చెయ్యలేకపోయింది. డ్రైవరు నీళ్లు తాగి వచ్చి పక్కనే నిలబడ్డాడు. ఆ చెవి మీద నమ్మకంతో బీదరు నుంచి వచ్చినవాడు.

ఫోను ఆగి మళ్లీ మోగింది. ఈసారి ఎత్తింది.

"హలో, గ్రీజు బ్యాండు వారేనా అండి? కేసెట్టు అట్ట మీద ఈ నంబరు చూసి చేస్తున్నాను. నా పేరు రామబ్రహ్మం."

"నేను ప్రిస్కిల్లా సార్."

"మీరేనా అమ్మా! మీ కార్డు అందిందండి. ముప్పై ఏళ్లలో నన్ను తిట్టిన ఉత్తరాలే గానీ, నిజమేనని ఒప్పుకున్న ఉత్తరం ఇదొక్కటే. ఉత్తరాల పేజీలో వేసేద్దామని మా ఎడిటరు గారు పట్టుపట్టారు. ఐదింటికి పేజీ ప్రెస్సుకు వెళ్లిపోతుంది. నాకు మనసొప్పలేదు. పాడనని అంత మాట నిజంగానే అన్నారా అని అడుగుదామని."

"వెయ్యకండి సార్. నేను రాసింది అబద్ధం. నాకు తెల్వక రాసిన." చెప్పడం మొదలుపెట్టాక ఆగలేదు. మిషను సంగతి, రెండు ఊపిర్ల సంగతి, తొమ్మిది పాటల్లోనూ దూరిన ఇంకో గొంతు సంగతి ఒక్క వరసలో చెప్పేసింది.

"అంటే," అన్నాడు రామబ్రహ్మం నెమ్మదిగా, "నేను తిట్టింది మిమ్మల్ని కాదన్నమాట. మిమ్మల్ని అసలు విననే లేదు. సిగ్గుగా ఉందండి. సరే, ఉత్తరాల పేజీ కాదు, నా శీర్షికే తిరగరాస్తాను. కానీ అమ్మా, కంపెనీవారు తమంతట తాము ఇలా చెయ్యరు. బాగా పాడిన గొంతు మీద ఇంకో గొంతు కప్పాలంటే, మీవైపు నుంచే ఎవరో ఒకరు బాగోలేదని చెప్పి ఉండాలి. వారి పేరు లేకుండా నేను రాస్తే, తిట్లు పడ్డాక సాకులు చెబుతోందని మీ మీదే నవ్వుతారు. ఈ గొంతు పనికిరాదని తీర్పు చెప్పిన ఆ మహానుభావుడు ఎవరండి? పేరు చెప్పండి, వేసేస్తాను."

గోడ గడియారం నాలుగుంపావు చూపిస్తోంది. డ్రైవరు లారీ అద్దం తుడుచుకుంటున్నాడు. దేవరాజు గుడ్డముక్క భుజాన వేసుకుని రెండడుగులు దగ్గరికి వచ్చాడు.

"ఎవరు బిడ్డా ఫోన్ల?" అన్నాడు, ఆమె పెదాల వైపు చూస్తూ.

ప్రిస్కిల్లా ఆయన కళ్లలోకి ఒక్క క్షణం చూసింది. తర్వాత మొహం గోడ వైపు తిప్పుకుంది.

"రాసుకోండి సార్," అంది.